నాలుగు గాట్ల గుర్రం

శంకరవ్వ కోరుట్ల చేరేసరికి పొద్దుగాల తొమ్మిది దాటింది. సకల జనుల సమ్మె నడుస్తున్నదాయె, బస్సులు లెవ్వు. జగిత్యాల నుంచి రెండు ఆటోలు మారి, నడుమ రాస్తారోకో కాడ దిగి నడిచి అచ్చింది. ఇరవై రెండేండ్లు పోలీసు నౌకరి చేసి, హెడ్ కానిస్టేబుల్‌గ ఉండంగనే రాజీనామా మొకాన కొట్టి, ఓ జిరాక్సు దుకాణం మీది అర్రల డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న ఆడిది. నోరు ఇంక పదునే గాని మోకాళ్లు అరిగినయ్. లస్మయ్య కట్టెపని దుకాణం ఇంకో వంద గజాలు ఉందనంగ, సమ్మె డేరాల కూలబడి ఇన్ని మంచినీళ్లు అడిగింది.

డేరాల కుర్చీలన్నీ నిండినయ్. మైకు పెట్టె పెట్టిన కట్టె గుర్రం ఒకటి ఉంటే దాని అంచుకే కూసున్నది. మొద్దులను చెక్కనీకి నేలమీంచి లేపి పెడ్తరు సూడు, నాలుగు కాళ్లు, మీద ఒక అడ్డదూలం, గా గుర్రం. శంకరవ్వ చెయ్యి ఊరికె ఉండదు, గుర్రం కాలును తడిమింది. చేతి ఏళ్లకు గాట్లు తగిలినయ్. లెక్కపెట్టింది, ఎనిమిది. ఎందుకు పెట్టిండ్లో తెల్వలే. నీళ్లు తాగి లేసింది.

ఆమెను పిలిపించింది లస్మయ్య పెండ్లాం సాయవ్వ. మూడొద్దుల కింద గదే తొవ్వల నడుసుకుంట జగిత్యాల అచ్చి, మెట్లెక్కి, కూసోమన్నా కూసోకుంట నిలబడే చెప్పింది.

"పోయిన గురువారం నా కొడుకు రాకేశ్ మీద టేకు మొద్దు పడ్డది. పోలీసులు అచ్చి ప్రమాదమని రాసుకొని పోయిండ్లు. ప్రమాదమే కావచ్చు. మరి నా మొగడు కొడుకు పీనుగ పక్కన కూసోని రంపం ఎందుకు పట్టిండక్కా? ఇరిగిన గుర్రం కాలు కోసి ముక్క ఏడనో దాసిపెట్టిండు. ఎందుకు కోసినవంటే ఉలుకడు పలుకడు."

"తండ్రికి కొడుక్కు పడదా?"

"బుధవారం మాపటికి ఇద్దరు కొట్లాడుకున్నరు. వాడకట్టంత ఇన్నది. నా కొడుకును ఎవలు సంపిండ్లో చెప్పు. నా మొగడే అయితే గా ముచ్చటే చెప్పు. దినాలు కాంగనే ధర్మపురి కాడ మా అన్న ఇంటికి పోత, మల్ల గా మనిషి మొకం సూడ."

గదీ ముచ్చట. ఇయ్యాల తొమ్మిదో దినం. సాయవ్వ మూట గట్టుకొని సిద్ధంగనే ఉన్నది.

దుకాణం ముంగట రేకుల పందిరి, ఎన్క ఇల్లు. నడుమ వాకిట్ల సాయవ్వ సొరకాయ తరుగుతున్నది. చేతుల ఉన్నది మాములు కత్తి కాదు. పల్చగ, పొడుగ్గ, కొసకు ఒంపు తిరిగి, ఎండకు మెరుస్తున్నది.

"కల్లు గీసే కత్తి గదా?" అన్నది శంకరవ్వ.

"మా నాయినదక్కా. ఆయన పోయినంక తాళ్లెక్కెటోడు లేకపాయె. పారెయ్య మనసొప్పక వంటకు పెట్టుకున్న." తల ఎత్తకుంటనే చెప్పింది. దుకాణం దిక్కు చెయ్యి సూపింది. "ఆడున్నడు పో. నేను రాను."

లస్మయ్య దుకాణం గడపల కూసున్నడు. బక్క మనిషి, మూతి మీద తెల్ల గడ్డం పెరిగింది. నడుముకు తువ్వాల గట్టిగ సుట్టుకొని, దాన్ని ఒక చేత్తోటి పట్టుకొని, లోపల పడున్న మొద్దునే సూస్తున్నడు. తొమ్మిది దినాలాయె, గా మొద్దును ఎవ్వలూ కదిలియ్యలే.

"లస్మన్నా, నేను సూసుకోవచ్చునా?"

"సూస్కో చెల్లె. సూసేతందుకు ఏమున్నది? నేను చేసిన గుర్రం ఇరిగింది. పిల్లగాడు సచ్చిండు."

శంకరవ్వ లోపలికి పోయింది. ముందుగాల మొద్దును పట్టుకున్నది. ఆమె నాయిన కోతమిషన్ల పనిచేసినోడు, దారంతోటి మొద్దు బరువు తీసుడు చిన్నప్పుడే నేర్పిండు. పొడుగు పదడుగులు. చుట్టుకొలత మొదలు దిక్కు ఐదడుగులు, కొస దిక్కు మూడున్నర. పచ్చి టేకు. నోట్ల గొణుక్కుంట లెక్కేసింది. నాలుగు క్వింటాళ్లకు జరంత తక్కువ. మొద్దు అమ్మిన కట్టె అడితోళ్ల చీటీ గోడకు గుచ్చి ఉన్నది, దాంట్ల మూడే క్వింటాళ్లని ఉన్నది. చీటీ మడిచి జాకెట్ల పెట్టుకున్నది.

తర్వాత గుర్రాలు. కొస దిక్కుది మంచిగనే నిలబడి ఉన్నది. దాని కాలుకు ఎనిమిది గాట్లు, నల్లబడ్డయ్, పాతయి. ఉలితోటి అటొక దెబ్బ ఇటొక దెబ్బ కొట్టి తీసిన గాట్లు. పైన ఎండిన కుంకుమ బొట్టు.

మొదలు దిక్కుది బోర్ల పడ్డది. మూడు కాళ్లు ఉన్నయ్. నాలుగో కాలు అతుకు కాడ పీసులు పీసులుగ ఇరిగింది. కింద మిగిలిన ముక్క మాత్రం సాపుగ, రంపం కోత. ఇరుగుడు ఒకటి, కోసుడు ఒకటి. రెంటి నడుమ జానెడు కట్టె లేదు.

శంకరవ్వ మోకాళ్ల మీద కూసోని మంచిగున్న గుర్రాన్ని, ఇరిగిన గుర్రాన్ని పక్కపక్కన సూసింది. ఎత్తు ఒక్కటే, కట్టె ఒక్కటే. లోపలి అతుకులు మాత్రం ఇరిగినదానికి సన్నం. ఆమెకు ఓ అనుమానం తగిలింది గాని, పనోడు బుచ్చన్నను అడిగినంకనే అనుకున్నది.

బుచ్చన్న పదిహేనేండ్ల సంది గా దుకాణంల పనిచేస్తున్నడు. గురువారం ఉన్నది గూడ ఆయనొక్కడే. పిలిస్తే కండ్లు తుడుసుకుంట అచ్చిండు.

"ఏడ్వకు బుచ్చన్నా. టైంలు చెప్పు."

"లస్మన్న పొద్దుగాల ఐదింటికి సైకిలేసుకొని ముత్యంపేట పోయిండక్కా, దర్వాజ కొలత తియ్యనీకి. నేను ఆరుంబావుకు అచ్చిన. కరెంటు లేదు, దుకాణంల చీకటిగనే ఉన్నది. రాకేశ్ అప్పటికే గుర్రాలు నిలబెట్టి ఉంచిండు. మొద్దును వాసాల మీద దొర్లిచ్చుకుంట ఎక్కిచ్చినం. దబ్బున కూసున్నది. ఆరున్నరకు మొద్దు చెక్కే బాడిశ తీస్కుందామని ఆ పొల్లగాడు మొద్దు కిందికెళ్లి ఒంగిండు. పట్‌మని సప్పుడు. గంతే."

"లస్మయ్య ఎప్పుడచ్చిండు?"

"ఫోన్ చేస్తే ఎనిమిదిన్నరకు అచ్చిండు. అందర్ని బయటికి పొమ్మన్నడు. కొడుకుతోటి ఒక్కడే కూసుంటడేమో అనుకున్నం. ఐదు నిమిషాలకు రంపం సప్పుడు ఇనిపిచ్చింది."

"గాట్లు ఎందుకు పెడ్తరు?"

బుచ్చన్నకు గా మాట అడిగెటోళ్లు ఇప్పటిదాక దొరకనట్టున్నది, గబగబ చెప్పిండు. "కిలోల లెక్క మాకు తెల్వదక్కా. లస్మన్న కొత్త గుర్రం చేస్తే ఇంటోళ్లను, వాడకట్టోళ్లను పిలిచి కూసోబెడ్తడు. ఎంతమందిని మోస్తే అన్ని గాట్లు. సాయవ్వ వదిన గూడ కూసుంటది. తెల్లారి పొద్దుగాల లస్మన్న స్నానం చేసి ఉలితోటి గాట్లు పెడ్తడు. వదిన దీపం పట్టుకుంటది, బొట్టు పెడ్తది."

"దీపమెందుకు?"

"పూజ గావచ్చు. మేమెన్నడు అడుగలే."

"మొత్తం ఎన్ని గుర్రాలు?"

"మూడు. ఎనిమిదిమందివి రెండు, నలుగురిది ఒకటి. నలుగురిది చిన్న పనికి. బుధవారం సమ్మెకు రోడ్డు మీద వంటావార్పు పెట్టిండ్లు గదా, అప్పుడు మూడూ ఎత్కపోయిండ్లు. రెండే వాపసు అచ్చినయ్. ఒకటి ఇంక డేరాల్నే ఉన్నది."

శంకరవ్వ లెక్కేసుకున్నది. డేరాల ఉన్నది ఎనిమిది గాట్లది. పొద్దుగాల తడిమి సూసింది. ఈడ నిలబడ్డదీ ఎనిమిదే. అయితే కింద పడ్డది నలుగురిది. నలుగురంటే రెండు క్వింటాళ్లు. మొద్దు మొదలు దిక్కే రెండుంబావు దాటుతది, పైంగ దబ్బున కూసున్నది.

"బుచ్చన్నా, నలుగురి గుర్రం మీద గంత మొద్దు పెడ్తడా రాకేశ్? గంత తెల్వదా?"

బుచ్చన్న దగ్గరికి జరిగిండు. "గదే నాకు గూడ సమజైతలేదక్కా. వాడు నాలుగేండ్లు సిరిసిల్లల మగ్గాల కాడ ఉండె. కరెంటు కోతలకు మగ్గాలు బందైతే ఇంటికచ్చిండు. ఏ గుర్రం ఏదో మొకం సూసి పట్టలేడు. నా ముంగటనే చీకట్ల కాలును తడిమి లెక్కవెట్టిండు. ఎనిమిది అన్నడు. నా చెవులతోటి ఇన్న. నేనే తప్పు ఇన్ననేమో అని ఎవ్వలకు చెప్పలే."

"నువ్వు తప్పు ఇనలే," అన్నది శంకరవ్వ. "నాలుగును ఎవలో ఎనిమిది చేసిండ్లు."

గాట్ల లెక్క తెలిసింది ఇంటోళ్లకు, దుకాణపోళ్లకే. ప్రమాదం కాదిది, ఖూనీ లెక్క కనవడుతున్నది.

పదకొండింటికి మోటర్‌సైకిల్ అచ్చి ఆగింది. దిగినోడు ఆనంద్. కరీంనగర్ల పెద్ద డిటెక్టివ్ ఆఫీసు, ఇస్త్రీ చొక్క, నల్ల కండ్లద్దాలు. మొద్దు అమ్మిన అడితి యజమాని పెట్టుకున్న మనిషి.

"ఓహో, శంకరవ్వ మేడమ్! జగిత్యాలల కేసులు లెవ్వా?"

"ఉన్నయ్ తమ్మీ. అన్నీ ఇడిసిపెట్టి నిన్ను సూద్దామని అచ్చిన."

ఆనంద్ నవ్వి, లస్మయ్య ముంగట ఒక కాగితం పెట్టిండు. "పెద్దమనిషీ, నిన్న మాట్లాడుకున్నం గదా. నీ గుర్రం నాసిరకం, మొద్దు తప్పు లేదు. గంతే రాసి ఉన్నది. సంతకం పెట్టు, ఇగ ఎవ్వలూ నిన్ను సతాయియ్యరు."

లస్మయ్య పెన్ను కోసం చెయ్యి చాపిండు! శంకరవ్వ గా చేతిని పట్టుకొని కిందికి దించింది.

"సతాయియ్యరా? రేపు గీ కాగితం పట్టుకొని కొడుకును సంపిన తండ్రని జైలుకు తోలరా? మీ అడితి చీటీల మూడు క్వింటాళ్లు. దారం పెట్టి నేను కొలిస్తే నాలుగుకు దగ్గర. గది గూడ రాసినవా కాగితంల?"

ఆనంద్ మొకం జర మారింది, గాని తగ్గలే. "దారంతోటి కొలిచి కోర్టుకు పోతవా మేడమ్? సరే, మొద్దు నాలుగే అనుకో. గుర్రం ఎనిమిదిమందిని మోసిందని ఊరంత చెప్తున్నది. మోయాలె గదా? మోయలే. ఎందుకు మోయలేదో నా తాన సాక్ష్యం ఉన్నది." సెల్‌ఫోన్ తీసి ఆమె ముంగట పెట్టిండు. "బుధవారం, పగటీలి పన్నెండున్నర. వంటావార్పు కాడ ఎవలో తీసిన ఫోటో. సూడు, ఎనిమిదిమంది ఎక్కి ఎగురుతున్నరు. వీండ్లే పాడు చేసిండ్లు. వీండ్ల నడుమ సచ్చిన పొల్లగాడు గూడ ఉన్నడు."

శంకరవ్వ ఫోన్ చేతులకు తీసుకున్నది. రోడ్డు మీద పొయ్యిలు, గుండిగలు, గులాబి కండువాలు. ఒగని ఒళ్లె ఒగడు ఇరుక్కొని ఎనిమిదిమంది పోరగాండ్లు గుర్రం మీద కూసున్నరు. నడుమ రాకేశ్. రెండు చేతులు పైకెత్తి, నోరంత తెరిచి నవ్వుతున్నడు. వాడు గిట్ల ఉండెనా అనుకున్నది. చచ్చినంక తెలిసిన పిల్లగాన్ని బతికుండంగ సూసుడు కష్టం.

తర్వాత ఫోటో అంచుకు సూసింది.

గుర్రం కాలు కాడ ఒక ఆడమనిషి ఒంగి ఉన్నది. కొంగు నడుముకు చెక్కుకున్నది. మొకం కొడుకు దిక్కు, ఆమె గూడ నవ్వుతున్నది. చేతుల పల్చటి, పొడుగాటి కత్తి. కత్తి అంచు గుర్రం కాలుకు ఆనుకొని ఉన్నది.

ఖూనీ అనుకున్నది తనే. గిది ఖూనీ అయినా బాగుండు.

"ఏమైంది మేడమ్? నోరు పడిపోయిందా?"

"ఫోటోల ఏం కనవడ్డది నీకు?"

"ఎనిమిదిమంది పోకిరిగాళ్లు."

"ఇంకెవలు?"

ఆనంద్ ఒంగి సూసిండు. "కూరగాయలు తరిగే ముసల్ది. ఏం?"

"ఏం లేదు," అని ఫోన్ వాపసిచ్చింది. "పన్నెండు దాక ఆగు. హోటల్ల చాయ్ తాగి రా. సంతకం ముచ్చట అప్పుడు సూద్దాం."

ఆనంద్‌కు తను గెలిచిననే అనిపిచ్చింది. కాగితం, పెన్ను ఆడనే ఇడిసిపెట్టి, ఈల ఏసుకుంట బండెక్కి పోయిండు.

శంకరవ్వ గడపల లస్మయ్య పక్కన కూసున్నది. గొంతు తగ్గిచ్చి అన్నది.

"లస్మన్నా, తువ్వాల ఇప్పు."

గా మనిషి ఉలిక్కిపడ్డడు.

"నాకు తెలిసింది. వదిన చెయ్యి అని తెలిసింది. ఇప్పు."

లస్మయ్య నడుముకు సుట్టిన తువ్వాల ఇప్పిండు. లోపల జానెడు కట్టె ముక్క. తొమ్మిది దినాలు పొట్టకు కట్టుకొని తిరుగుతుండు. నాలుగు గాట్లు నల్లగ, ఉలితోటి పెట్టినయ్. వాటి కింద నాలుగు తెల్లగ, కొత్తయి. ఒక్కొక్కటి ఒక్క ఏటుకు, వాలుగ, నున్నగ తెగింది. తాటిచెట్టుకు కల్లు గీసే కత్తి అట్లనే గీస్తది.

"రాంగనే సూసిన చెల్లె," అన్నడు. "కొడుకును సూడకముందుగాల గాట్లనే సూసిన. ముప్పై ఏండ్ల సంది ఆ చేతి బువ్వ తింటున్న, ఆ చెయ్యి నాకు ఎర్కలేదా?"

"ఎనిమిదిమందిని మోసింది గదా లస్మన్నా మరి? గాటు పెడితే తప్పేంది?"

"కూసున్ననాడే పెట్టద్దు చెల్లె. గా పొద్దు మోస్తది, లోపల పగుల్తది. తెల్లారి దీపం దగ్గర పెట్టి, అతుకులకు నూనె రాసి సూడాలె. ఎంటికంత పగులున్నా నూనె లోపలికి గుంజుకుంటది. గుంజితే గాటు లేదు. నేను సాయవ్వను దీపం తెమ్మనేది గందుకే." ఆగిండు. "ఆమెకు ఎన్నడు చెప్పలే. నా పని నాది, ఆమెకు చెప్పేదేమున్నది అనుకున్న."

"రాకేశ్ నువ్వు లేనప్పుడు ఎందుకు ఎత్తిండు మొద్దును?"

"నేనే గదా. బుధవారం కొట్లాటల అన్న. నాలుగేండ్లు మగ్గాల కాడ ఉన్నోనివి, ఒక్క మొద్దు ఎత్తి సూపియ్యి, అప్పుడు మాట్లాడు అన్న. నేనచ్చేలోపు ఎత్తి సూపిద్దామనుకున్నడు." శంకరవ్వ చెయ్యి పట్టుకున్నడు. "నీకు దండం పెడ్త చెల్లె. లస్మయ్య చేసిన గుర్రం నాసిరకమని రాయి. నన్ను తిట్టుకుంట ధర్మపురి పోతది, అన్న ఇంట్ల బతుకుతది. తనను తాను తిట్టుకుంటే మాత్రం అది బతుకది."

ఇరవై రెండేండ్ల నౌకరిల పెద్ద ఆఫీసరు గద్దించినా ఒక్క అబద్ధం రాయని ఆడిది శంకరవ్వ. రాజీనామా పారేసింది గూడ గందుకే. ఇప్పుడు గా ముక్క దిక్కు సూసి, తల ఊపింది.

"సరే అన్నా. రాస్త. ముక్కను పొయ్యిల పెట్టు."

గంతల్నే గడపల నీడ పడ్డది. సాయవ్వ చాయ్ గిలాసలు పట్టుకొని నిలబడ్డది. అక్కకు చాయ్ ఇయ్యలేదని యాదికొచ్చి తెచ్చినట్టున్నది. శంకరవ్వ కొంగు ముక్క మీదికి గుంజింది గాని, అప్పటికే సాయవ్వ సూసింది.

సాయవ్వ గిలాసలు కింద పెట్టింది. శంకరవ్వ కొంగును పక్కకు జరిపి ముక్కను అందుకున్నది. బొటనేలుతోటి తడిమింది. పై నాలుగు, కింది నాలుగు.

"ఇవి నేను పెట్టినయ్," అన్నది. మామూలుగనే అన్నది, ఇంక తెల్వలే ఆమెకు. "మా రాకేశే పెట్టుమన్నడు. అవ్వా, నాయిన గుర్రం ఎనిమిదిమందిని మోసింది, గాట్లు పెట్టు, సూస్తే ఖుషీ అయితడు అన్నడు. ఇది కొయ్యనీకేనా గా రంపం? ఎందుకు?"

ఆమె మొగని దిక్కు తిరిగింది. రంపం ముచ్చట అడిగిననాటి సంది ఆయనతోటి మాట్లాడిన మొదటి మాట గిది.

"పెట్టద్దా?"

"పెట్టొచ్చు," అన్నడు లస్మయ్య. "మంచిగనే పెట్టినవ్ సాయీ. గుర్రమే నేను మంచిగ చెయ్యలే."

"మరి నువ్వెన్నడు గా దినం పెట్టవు. తెల్లారే పెడ్తవు." ఆమె నొసలు ముడిపడ్డది. మెల్లమెల్లగ ఏదో యాదికి తెచ్చుకుంటున్నది. "దీపం తెమ్మంటవు. అతుకుల కాడ పట్టుమంటవు. నూనె రాస్తవు. పూజకనుకున్న నేను. బొట్టు పెడ్తుంటి." ముక్క దిక్కు సూసుకుంట అడిగింది. "దీపం దేనికి?"

లస్మయ్య తల నేలకు ఏసిండు.

"ముప్పై ఏండ్లు పట్టిన," అన్నది సాయవ్వ. "ముప్పై ఏండ్లు దీపం పట్టిన గదా నీకు. ఒక్కసారన్న చెప్పకపోతివి."

బయట మోటర్‌సైకిల్ ఆగింది. ఆనంద్ గుమ్మంల నిలబడి, కండ్లద్దాలు తీసి, గడియారం సూసుకున్నడు. "పన్నెండు. సంతకం అయ్యిందా పెద్దమనిషీ?"

లస్మయ్య పెన్ను పట్టుకున్నడు. సాయవ్వ ఒంగి, ఆయన ముంగట ఉన్న కాగితాన్ని తన దిక్కు గుంజుకున్నది.

"ఎవలు సంపిండ్లో అడిగిన గదక్కా నిన్ను," అన్నది శంకరవ్వతోటి. "దొరికింది." ఆనంద్ దిక్కు తిరిగి బొటనేలు చాపింది. "గుర్రం తప్పు కాదు, నా గాట్ల తప్పని రాయి బిడ్డా. నాకు సంతకం రాదు. ఏలుముద్ర నడుస్తదా?"

లస్మయ్య గా చెయ్యిని రెండు చేతుల పట్టుకొని, మొకానికి ఒత్తుకొని, కొడుకు పోయినంక మొదటిసారి బొబ్బపెట్టి ఏడ్చిండు. ఆమె చెయ్యి గుంజుకోలే.